శూన్య అలారం మాసోత్సవం

గేటు దగ్గర మనిషెత్తు స్తంభాలు రెండు నిలబెట్టిన రోజున నూకాంబికా సహకార ఉక్కు కరిగింపు సంస్థ వారు వాటికి పసుపు పూసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టారు. స్తంభాల వెంట వచ్చిన ఇంజనీరు వాటి మీద నీళ్లు మాత్రం పోయవద్దని చేతులు జోడించాడు. అభిషేకం లేని ప్రతిష్ఠ ఎక్కడైనా ఉంటుందా అని పంతులుగారు కాసేపు మథనపడి, చివరికి మామిడాకుతో నాలుగు చుక్కలు చిలకరించి ఊరుకున్నారు.

అవి రేడియేషన్ పసిగట్టే యంత్రాలు. పాత ఇనుము అంటే ఎక్కడెక్కడి ఇనుమో వస్తుంది. మూతపడ్డ మిల్లులది, పడగొట్టిన ఆసుపత్రులది, విరగ్గొట్టిన ఓడలది. వాటిలో ఎప్పుడో ఎవరో వాడి మరిచిపోయిన అణుధార్మిక గుళిక ఒక్కటి ఇనుముతో పాటు కొలిమిలో పడిందంటే ఇక అంతే సంగతులు. కొలిమి, మడ్డి, పొగగొట్టంలో బూడిద, పోత పోసిన ఊచలు, అన్నీ పాడవుతాయి. ఆ ఊచలతో కట్టిన ఇల్లు చూడ్డానికి మామూలు ఇల్లులాగే ఉంటుంది. అదే దాంట్లో ఉన్న మోసం. అందుకని కరిగించే సంస్థలన్నీ గేటు దగ్గర స్తంభాలు పెట్టుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

వాటిని చూసుకునే పని కాటా గుమాస్తా బొంతు వరహాలుకి పడింది. లారీలు తూకానికి అతని ముందే ఆగుతాయి గనక. నగరంలో మూడు రోజుల శిక్షణకి సంస్థ నుంచి నలుగురిని పంపారు. రెండో రోజు నుంచీ ముగ్గురు సినిమాలకి వెళ్లారు. వరహాలుకి సినిమా హాల్లో నిద్ర ముంచుకొస్తుంది, అందుచేత క్లాసులోనే కూర్చున్నాడు. వచ్చేటప్పుడు ఒక చేతి మీటరు, ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. పుస్తకంలో ఉన్నదంతా అతనికి నాలుగు ముక్కలుగా గుర్తుండిపోయింది. మోగిన లారీని అక్కడే ఆపు. మనుషుల్ని దూరంగా పంపు. లారీని వెనక్కీ పంపకు, కొలిమికీ పంపకు. చివరి అట్ట మీదున్న నంబరుకి ఫోను చెయ్యి.

మూడు నెలలు బాగానే గడిచింది. ఒకసారి పొటాషు ఎరువు బస్తాలున్న లారీకి, ఒకసారి నేల పలకల లారీకి స్తంభాలు మోగాయి. వాటిలో సహజంగా కొంచెం ఉంటుందని పుస్తకంలో ఉంది. వరహాలు చేతి మీటరుతో చూసి, రాసుకుని, పంపించేశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకోవలసిన రోజు ఒక సోమవారం వచ్చింది. మేనేజింగ్ డైరెక్టర్ తాతావర్తి విశ్వపతిగారు రెండు రోజులు సెలవు పెట్టి నగరంలో పెద్దాసుపత్రిలో గుండె చూపించుకుని వచ్చారు. గుండె ఫొటో స్పష్టంగా రావడానికి అక్కడ రక్తంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అది కూడా రేడియేషన్ మందే. ప్రమాదం లేనిదే, నాలుగు రోజుల్లో తనంతట తానే పోతుంది. అయితే ఈ సంగతి స్తంభాలకి తెలీదు. విశ్వపతిగారి కారు గేటులోకి రాగానే మిల్లు సైరనులా ఊళ పెట్టాయి.

వరహాలు పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. కారు ఆపాడు. డ్రైవరుని దింపి ఇరవై గజాల దూరం పొమ్మన్నాడు. ఇనుము ఏరే ఆడవాళ్లని, వాచ్‌మన్‌ని దూరంగా తోలాడు. ఆ తర్వాత చేతి మీటరు పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. డిక్కీ దగ్గర సూది కదల్లేదు. ముందు సీటు దగ్గర కాస్త ఊగింది. వెనక కిటికీలోంచి లోపలికి పెట్టి విశ్వపతిగారి చొక్కా జేబుకి ఎదురుగా పట్టుకునేసరికి ఎగిరి ఆ చివర పడింది.

"బాబూ, బండిలో ఏటీ నేదండి," అన్నాడు వరహాలు వినయంగా. "మీలోనే ఉన్నాదండి."

దూరంగా నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మర్నాడు వరహాలుకి మెమో వచ్చింది. "మీ విధినిర్వహణ సమయమున, ఉన్నతాధికారి వారి హృదయమును ఉద్దేశించి, పలువురి సమక్షమున స్తంభములు అనుచిత శబ్దము గావించినందున, మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా తెలుపవలెను."

వరహాలు ఒక్క వాక్యంలో జవాబు రాశాడు: "మోగినవి స్తంభాలండి, నేను మోగలేదండి." విచారణ కమిటీ ఆ జవాబుని లోతుగా పరిశీలించింది. మోగింది గుమాస్తా కాదన్నంతవరకూ ఒప్పుకుంది. ఆ మోత ఆపింది కూడా గుమాస్తా కాదు గనక అక్కడ తప్పుందని తేల్చింది. మందలించి వదిలేశారు. అంతటితో పోయేదే గాని, సేఫ్టీ ఆఫీసర్ గోటేటి సుందరమూర్తిగారు ఇలాంటిది పునరావృతం కారాదని పట్టుబట్టారు. వారం తిరక్కుండా సర్క్యులర్ వెలువడింది.

"ఇకపై సంస్థ ఆవరణలోని స్తంభములు, సమర్థాధికారి యొక్క ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే మోగరాదు."

దానికో ఫారం కూడా ఉంది. మోగదలచిన తేదీ, మోగదలచిన సమయం, మోగుటకు గల కారణము, ఎంతసేపు మోగదలచినది. మూడు ప్రతులు.

వరహాలు ఆ ఫారం పట్టుకుని సుందరమూర్తిగారి గదికి వెళ్లాడు. "బాబూ, లారీలో ఏటున్నాదో మోగితేనే కదండీ తెలుస్తాది? ముందుగా ఎలాగ రాయడం?"

"వరహాలూ, ఏమున్నదో తెలియకుండానే మోగమంటావా? అది బాధ్యతారాహిత్యం అనిపించుకోదూ?" అన్నారాయన జాలిగా. ఆ సాయంత్రమే స్తంభాల ప్లగ్గు పీకించి, దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేయించారు.

సరిగ్గా అదే సమయానికి పై కార్యాలయం వారికి భద్రత మీద గొప్ప ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఏ సంస్థలో అలారాలు తక్కువ మోగుతాయో ఆ సంస్థ అంత భద్రంగా ఉన్నట్టు లెక్క అని వాళ్లు కనిపెట్టారు. నెల రోజుల పాటు 'శూన్య అలారం మాసోత్సవం' ప్రకటించి, ఒక్కసారీ మోగని సంస్థకి వెండి డాలు ఇస్తామన్నారు. నూకాంబికా సంస్థకి ఇది వరంలా దొరికింది. నోటీసు బోర్డు మీద రోజుకో సున్న పెట్టారు. గేటుకి బ్యానరు కట్టారు. షిఫ్టు మొదట్లో కూలీలందరినీ వరసగా నిలబెట్టి కుడిచెయ్యి చాపించి, "మోగను, మోగించను, మోగనివ్వను" అని ప్రతిజ్ఞ చేయించారు. పక్క జిల్లాల సంస్థల వాళ్లు వ్యాన్లు కట్టించుకుని చూడ్డానికి వచ్చారు. మీ స్తంభాలు ఇంత అణకువగా ఉండటానికి కారణం ఏమిటని అడిగారు.

"క్రమశిక్షణ," అన్నారు విశ్వపతిగారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

మాసోత్సవంలో ఇరవై మూడో రోజు మంగళవారం. పడగొట్టిన ఒక కాగితం మిల్లు ఇనుముతో లారీ ఒకటి కాటా ఎక్కింది. డ్రైవరు ఖాదర్‌వలీది నంద్యాల వైపు ఊరు, మనిషి బక్కపలచగా, ఎప్పుడూ ఏదో పాడుకుంటూ ఉంటాడు. సర్క్యులర్‌లో స్తంభాల మాటే గాని చేతి మీటరు మాట లేదు గనక, వరహాలు దాన్ని సొరుగులో క్యారేజీ పక్కన పెట్టుకుని, ప్రతి లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తూనే ఉన్నాడు. ఆ వేళా అలాగే తిరిగాడు. డ్రైవరు వైపు సూది కునుకు తీస్తోంది. ఎడమ పక్క వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడి లేచింది. ఒక అడుగు ముందుకేస్తే ఆ చివరికి పోయి కొట్టుకుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే తగ్గింది. ఇన్నాళ్లుగా ఎరువుకీ పలకలకీ ఊగిన సూది ఇలా కొట్టుకోవడం అతను చూడలేదు.

ఖాదర్‌వలీని దింపేశాడు. గోదాములోంచి సున్నం బస్తా తెచ్చి, నలభై అడుగులు కొలిచి లారీ చుట్టూ గీత గీశాడు.

"ఏందన్నా ఇది? నా బండి చుట్టూ ముగ్గేసినావు?" అన్నాడు ఖాదర్‌వలీ.

"ముగ్గు కాదు తమ్ముడూ. ఈ గీత దాటి లోపలికెల్లకు. ఎనకాల ఇనుములో రేడియేషన్ ఉన్నాది."

"నేను రెండు దినాలు దాని ముందర కూర్చుని తోలుకోనొచ్చినానే!"

"నువ్వు కూకున్న కాడ సూది లెగనేదు. మధ్యన ఇనుమంతా అడ్డం ఉన్నాది. బయపడకు. ఇప్పుడు మాత్రం దూరంగా రా."

ఖాదర్‌వలీ గీత అవతల కూలబడి లారీ వంక చూస్తూ ఉండిపోయాడు. పాట ఆగిపోయింది.

వరహాలు పరుగున సుందరమూర్తిగారి దగ్గరికి వెళ్లాడు.

"స్తంభాలు మోగాయా?" అన్నారాయన.

"కరెంటు నేదు కదండీ."

"నేనడిగింది కరెంటు గురించి కాదు. మోగాయా, లేదా?"

"నేదండి."

"మోగలేదన్నప్పుడు లేదన్నమాట. ఇక చేతి మీటరు సంగతి. అది శిక్షణ పరికరం. శిక్షణ పూర్తయ్యాక దాని అభిప్రాయం మనం అడగలేదు."

"పోనీ, పుస్తకంలో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తానండి."

"ఫోనా? సరైన మార్గంలో ఉత్తరం పోవాలయ్యా. నువ్వు నాకు రాస్తే, నేను ఎమ్.డి. గారికి రాస్తాను. వారు పై కార్యాలయానికి, పై కార్యాలయం ఆ నంబరు వాళ్లకి. మాసోత్సవం అవగానే పంపుదాం."

కాని శుక్రవారం నాడు డాలుకి మార్కులు వెయ్యడానికి తనిఖీ బృందం వస్తోంది, గేటులో సున్నం గీతలో లారీ కూర్చుంటే బాగుండదు. బుధవారం పొద్దున్నే కమిటీ కూర్చుంది. లారీని లోపలికి రానిస్తే, తర్వాత ఏమైనా తేలితే మన మీదికొస్తుంది. వెనక్కి పంపితే, పుస్తకం ప్రకారం అదీ మన మీదికే వస్తుంది. గేటులో ఉంచితే డాలు పోతుంది. రెండున్నర గంటలు చర్చించాక విశ్వపతిగారికి మెరుపులా ఆలోచన తట్టింది.

"లారీని కదపకూడదు, అంతేగా? గేటుని కదపకూడదని ఏ పుస్తకంలోనూ లేదు."

మధ్యాహ్నానికల్లా తాపీవాళ్లు దిగారు. గేటుని ఎనభై అడుగులు లోపలికి జరిపి నిలబెట్టారు. దాంతో లారీ సంస్థ ఆవరణలో లేదు. కాటా లేదు. కాటా గది లేదు. కాటా గదిలో ఉన్న వరహాలు కూడా లేడు. హాజరుపట్టీ గుమాస్తా వచ్చి, ఆవరణలో కనబడని మనిషికి ఎర్ర సిరా పెట్టక తప్పదని బాధపడి, పెట్టి వెళ్లాడు. తాపీవాళ్లు ఇసక కలుపుకోవడంలో సున్నం గీత సగం చెరిగిపోయింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

వరహాలు కాలవ దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చేసరికి, ఇనుము ఏరే ఆడవాళ్లు ఆరుగురు లారీ నీడన, సరిగ్గా ఎడమ వెనక చక్రానికి ఆనుకుని, గిన్నెలు విప్పుకుంటున్నారు. వాళ్లకి మేస్త్రీ సింహాలమ్మ. వరహాలుకి వరసకి వదిన.

వరహాలు పరుగున పోయి ఆమె ఒళ్లోని గిన్నె లాక్కున్నాడు. "లెగండి, లెగండి! అటెల్లండి ముందు!"

"ఓలమ్మో, ఇదేటి! కూడు లాక్కుంతన్నావేటి మరిదీ, పిచ్చెక్కినాదా?" అంటూనే లేచింది సింహాలమ్మ. అతని మొహం చూసి మిగతావాళ్లూ లేచారు. అందరినీ గోడ అవతలి దాకా తోలాక గాని వరహాలు ఊపిరి పీల్చుకోలేదు.

"ఎంతసేపైంది కూకోని?"

"ఇప్పుడే, మూతలైనా తియ్యనేదు. అక్కడేటైనా ఉంటే మిషను మోగుతాది కదేటి? మొన్న దొరగారికి మోగినాది కదా."

"మిషను నోరు కట్టీసేరు వదినా."

సింహాలమ్మ నవ్వబోయి, నవ్వలేకపోయింది. "ఈ సంగతి మాకెవులూ సెప్పనేదే," అంది.

ఆ మాట వరహాలుకి ముల్లులా గుచ్చుకుంది. మెమో వచ్చిన రోజు కూడా అతనికి ఇంత కోపం రాలేదు. రోజూ పొద్దున్నే చెయ్యి చాపి మోగనివ్వను అని ప్రతిజ్ఞ చేసిన వాళ్లలో తనూ ఉన్నాడు. కాటా గదిలోకి పోయి, పుస్తకం తీసి, చివరి అట్ట మీదున్న నంబరుకి తన సొంత ఫోనులోంచి చేశాడు.

అవతల ఎత్తినావిడ పేరు డాక్టర్ హిమజ. వరహాలు పదవి ఏమిటనిగాని, ఎవరి అనుమతితో చేశాడనిగాని ఆమె అడగలేదు. సూది ఎంత దూరంలో ఎంత చూపిస్తోంది, మనుషులు ఎంత దూరంలో ఉన్నారు, ఇనుము ఎవరైనా దింపారా, ఈ మూడే అడిగింది. వరహాలు చెప్పాడు.

"మంచి పని చేశారండీ," అంది ఆమె. ఈ స్తంభాలు వచ్చినప్పటి నుంచీ ఆ మాట అతనితో అన్నది ఆమె ఒక్కతే. "మేం శుక్రవారం పొద్దున్నకి వస్తాం. అప్పటిదాకా ఆ లారీని ఎవరూ ముట్టుకోకుండా చూడగలరా?"

"చూస్తానండి," అన్నాడు వరహాలు. తాను కూర్చునే కుర్చీని ఎవరూ పట్టుకుపోకుండా చూసుకునే అధికారం కూడా అతనికి లేదు.

గురువారం పొద్దున పంచాయతీ కార్యదర్శి వచ్చి, గేటు వెనక్కి జరిగింది గనక లారీ ఇప్పుడు పంచాయతీ దారిలో ఉందనీ, సాయంత్రం లోపల తీసెయ్యకపోతే నోటీసిస్తాననీ చెప్పి పోయాడు. దాంతో విశ్వపతిగారికి విసుగొచ్చింది. సుందరమూర్తిగారినీ, కొలిమి ఫోర్‌మన్ జగ్గప్పారావునీ పిలిపించారు. లారీ సంగతి చెప్పడానికి వరహాలు కూడా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అంతా కొలిమిలో పోయించండి. కరిగిపోయాక ఇక దేన్ని చూసి మోగుతుంది?"

"శాస్త్రీయమైన పరిష్కారం సార్," అన్నారు సుందరమూర్తిగారు.

"ఈ వారం ఏం పోత పోస్తున్నాం?"

"అంగన్‌వాడీ భవనాలకి ఊచలండి," అన్నాడు జగ్గప్పారావు.

వరహాలు వాళ్ల పేటలో కొత్త అంగన్‌వాడీకి పునాదులు తీసి రెండు నెలలైంది. అది లేచాక అతని మనవరాలు వెళ్లేది అక్కడికే. పిల్లలంతా గోడకి జేరబడి కూర్చుని, ఉడకబెట్టిన గుడ్డు పొట్టు ఒలుచుకుంటూ తింటారు. ఆ గోడ లోపల ఈ ఊచలు. వద్దని అరిచి చెబుదామనుకున్నాడు గాని, తన మాట ఆ గదిలో ఎంత దూరం పోతుందో అతనికి తెలుసు. పాతికేళ్లుగా ఆ సంస్థ ఏ మాటకి ఆగుతుందో, దేనికి ఆగదో కాటా గదిలోంచి చూస్తూనే ఉన్నాడు.

బయటికొచ్చాక జగ్గప్పారావుని పక్కకి లాగాడు. "కాయితం అడుగు."

"ఏ కాయితం?"

"కరిగించమని సంతకం పెట్టి ఇమ్మను. నోటిమాటకి కరిగించీసి రేపు ఏదైనా అయితే నీ మెడకే సుట్టుకుంటాది. అంతా నువ్వే సేసేవంటారు."

జగ్గప్పారావు ఆలోచించాడు. కొలిమి ముందు ముప్పై ఏళ్లు పనిచేసినవాడు, మంటకి భయపడడు. కాగితానికి భయపడతాడు. "అవునోయ్," అన్నాడు.

నోటు వరహాలే రాశాడు. అతని దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆఫీసులో పేరు. "అణుధార్మిక పదార్థము కలదని మీటరు చూపుచున్న లారీ సరుకును కొలిమిలో కరిగించి, అంగన్‌వాడీ భవనములకు ఊచలుగా పోత పోయుటకు గౌరవనీయులు ఆదేశించియున్నారు. క్రింద చుక్కల గీత మీద సంతకము చేయ ప్రార్థన." ఒక్క అబద్ధం లేదు అందులో.

ఫైలు ముందు సుందరమూర్తిగారి బల్ల మీదికి పోయింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. "చర్చించిన విధముగా, ఎమ్.డి. గారి ఆదేశమునకై" అని రాసి పైకి పంపారు. విశ్వపతిగారు చుక్కల గీత దాకా పెన్ను తెచ్చి, గాలిలో ఆపి, "భద్రతా కోణమును సేఫ్టీ ఆఫీసర్ పరిశీలించవలెను" అని పక్కన రాసి కిందికి పంపారు. సుందరమూర్తిగారు స్టోర్సు అభిప్రాయం కోరారు. స్టోర్సు వారు, లారీ ఇంకా ఆవరణలోకి రాలేదు గనక తమకి అభిప్రాయం కలగడం లేదన్నారు. న్యాయ సలహాదారు "చూచితిని" అని మాత్రం రాసి, ఏం చూశారో రాయలేదు. మధ్యమధ్య కొలిమికి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

"జగ్గప్పారావ్, మొదలెట్టెయ్యవయ్యా, సంతకం వెనకాల వస్తుంది."

"చిత్తం బాబూ, సంతకం రానీండి, మంట ఎంతసేపు?" అంటూ జగ్గప్పారావు స్టూలు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగే వేళకి ఆ ఫైలులో పదకొండు షరాలున్నాయి, సంతకం లేదు. ఇనుముని నీళ్లలా మరిగించే కొలిమిని ఆ రోజు చల్లగా ఉంచింది ఒక చుక్కల గీత. అంతకన్నా గట్టి గోడ ఆ సంస్థలో ఎవరూ కట్టలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి తెల్ల జీపు ఒకటి వచ్చి కొత్త గేటు ముందు ఆగింది. విశ్వపతిగారు పూలగుత్తితో ఎదురెళ్లారు. జీపులోంచి దిగినావిడ చిన్న వయసు, కాళ్లకి బూట్లు, చేతిలో పెట్టె. వెనకాల ఇద్దరు కుర్రవాళ్లు బరువైన సీసపు పీపా దింపుతున్నారు.

"స్వాగతం మేడం! ఇరవై ఆరు రోజులుగా ఒక్క అలారం లేదు," అన్నారు విశ్వపతిగారు, నోటీసు బోర్డు మీద సున్నలు చూపిస్తూ.

డాక్టర్ హిమజ పూలగుత్తిని ఎక్కడ పెట్టాలో తెలీక జీపు ముందు సీట్లో పెట్టింది. "లారీ ఎక్కడండీ? వరహాలుగారెవరు?"

తన పేరు చివర గారు అని వినబడటంతో, గీతని మళ్లీ సున్నంతో గట్టి చేస్తున్న వరహాలు ఎవరినో పిలుస్తున్నారనుకున్నాడు. ఖాదర్‌వలీ మోచేత్తో పొడిచాడు. "నిన్నే అన్నా, పో."

తర్వాత జరిగింది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఆమె మీటరుతో లారీ చుట్టూ తిరిగింది. ఎక్కడుందో పలక మీద బొమ్మ గీసింది. వంతులేసుకుని, గడియారం చూసుకుంటూ, పొడవైన పట్టకారులతో పై ఇనుము పక్కకి తీశారు. అడుగున, లోపల గుళిక ఉన్న చెంబంత సీసపు తొడుగు బయటపడింది. కాగితం మిల్లులో తొట్టెలో గుజ్జు ఎంతవరకూ ఉందో కొలవడానికి వాడేవాళ్లట. మూత సగం ఊడిపోయి ఉంది. దాన్ని అలాగే ఎత్తి పీపాలో దింపి మూత బిగించారు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

ఆ నలభై నిమిషాల మధ్యలో అసలు తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు కారు దిగి, ముసుగులు, పట్టకారులు, సున్నం గీత చూసి నిలబడిపోయారు. విశ్వపతిగారు ఒక్క క్షణం తడబడ్డారు. ఒక్క క్షణమే.

"మాక్ డ్రిల్లు సార్. తమ రాక సందర్భంగా ఏర్పాటు చేశాం."

బృందం నాయకుడు సంతోషపడ్డాడు. "చాలా సహజంగా చేస్తున్నారే!"

పీపాతో పక్కనించి పోతున్న హిమజ ఆగింది. "ఇది డ్రిల్లు కాదండీ. దయచేసి దూరం జరగండి."

"చూశారా, మాటలు కూడా కంఠతా పట్టారు," అన్నాడు నాయకుడు పక్కవాళ్లతో, వెనక్కి జరుగుతూ. "ఆ భయం మొహంలో తెప్పించడం మాటలు కాదు. పదికి పది వెయ్యండి."

జీపు వెళ్లిపోయే ముందు హిమజ వరహాలు దగ్గరికొచ్చి, సింహాలమ్మనీ మిగతా అయిదుగురినీ, ఖాదర్‌వలీనీ పేర్లు రాసుకుంది. వాళ్లకి రక్తపరీక్ష చేయిస్తాననీ, ఉన్న దూరాన్నీ సేపునీ బట్టి చూస్తే భయం లేదనీ చెప్పింది. "స్తంభాలెందుకు మోగలేదు?" అని అడిగింది. వరహాలు ఆఫీసు వైపు చూశాడు. "అనుమతి రానేదండి," అన్నాడు. ఆమె నవ్వలేదు. రాసుకుని వెళ్లింది.

ఖాదర్‌వలీ సరుకు దింపించుకుని, పోతూ పోతూ వరహాలు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "మా పిల్లోళ్లకి చెప్తా అన్నా నీ గురించి," అన్నాడు. లారీ మలుపు తిరిగేదాకా పాట వినబడుతూనే ఉంది.

శనివారం ఫైలు తిరిగొచ్చింది. చుక్కల గీత మీద, దాని పైనా కిందా, అయిదు సంతకాలున్నాయి. ప్రమాదం పోయిందని తెలిశాక ఒక్కొక్కరికీ ధైర్యం వచ్చింది. అన్నింటికీ గురువారం తేదీ వేశారు. జగ్గప్పారావు ఆ కాగితం మడిచి టోపీలో పెట్టుకుని, శుభ్రంగా ఉన్న ఇనుముని శుభ్రంగా కరిగించాడు.

సంస్థకి వెండి డాలు వచ్చింది. వరహాలుని ఏం చెయ్యాలన్నది మాత్రం చిక్కు సమస్య అయింది. అనుమతి లేకుండా బయటి సంస్థతో సంభాషించాడు, అందుకు శిక్షించాలి. శిక్షిస్తే సంభాషణ జరిగినట్టు, డ్రిల్లు కానట్టు అవుతుంది. పైగా హిమజగారి దగ్గర్నుంచి, గేటు దగ్గర హెచ్చరిక ఏర్పాటు ఏది అని నిలదీస్తూ ఘాటైన ఉత్తరం వచ్చింది. స్తంభాలు మోగితే వచ్చే ఏడు డాలు పోతుంది. మోగకపోతే ఆవిడ ఊరుకోదు. కమిటీ మళ్లీ కూర్చుని, రెండూ తీరేలా తీర్మానించింది.

"కాటా గుమాస్తా శ్రీ బొంతు వరహాలును మౌఖిక హెచ్చరిక సహాయకునిగా నియమించడమైనది. మీటరు చూపిన యెడల సదరు ఉద్యోగి స్వయముగా అరువవలెను. అరుపు అనునది అలారము యొక్క నిర్వచనము క్రిందకు రాదు."

వరహాలు ఉత్తర్వు రెండుసార్లు చదువుకున్నాడు. "అరవడానికి అనుమతి కావాలాండి బాబూ?"

సుందరమూర్తిగారు ఫైళ్లన్నీ తిరగేశారు. "దాని మీద సర్క్యులర్ ఇంకా రాలేదు," అని ఒప్పుకున్నారు.

"అయితే సరేనండి," అన్నాడు వరహాలు.

ఉత్తర్వు వచ్చిన పదకొండో రోజున విరగ్గొట్టిన ఓడ ఇనుము వచ్చింది. చీకట్లో వెలిగేందుకు ఏదో అణుధార్మిక రంగు పూసిన పాత గడియారపు పలకలు ఆ సరుకులో ఒక పెట్టెడున్నాయి. ఆ సంగతి తర్వాత తేలింది. అప్పటికి తేలిందల్లా సూది లేవడమే. వరహాలు నాలుగడుగులు వెనక్కి వేసి, తువ్వాలు నడుముకి బిగించి, ఊపిరి నిండా పీల్చి అరిచాడు. పాతికేళ్లు ఆ సంస్థలో చిత్తం, చిత్తం అంటూ దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. కొలిమి దగ్గర జగ్గప్పారావు చేతిలో చుట్ట జారింది. సింహాలమ్మ తన వాళ్లని కేకేసుకుంటూ, తలలు లెక్కపెట్టుకుంటూ గోడ అవతలికి పరుగెత్తించింది. లారీ డ్రైవరు తలుపు తీసుకుని దూకేశాడు. మేడ మీద కిటికీలు తెరుచుకున్నాయి.

సుందరమూర్తిగారు రిజిస్టరు చంకన పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చారు. "వరహాలూ, దీన్ని ఏ పద్దు కింద నమోదు చెయ్యాలయ్యా?"

వరహాలు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని హిమజగారికి దూరం చెబుతున్నాడు. రెండో చేత్తో సున్నం గీత చూపించాడు.

"తరవాత రాసుకుందురు గాని, ముందు గీత అవతలికి నడవండి."

సుందరమూర్తిగారు కాగితం అడగలేదు. నడిచారు.